వాచీ తీసిన చప్పుడు

మరీ మర్యాదగా మాట్లాడే మగవాణ్ణి చూస్తే నాకు భయం. అరిచేవాడి సంగతి వేరు. తాగొచ్చి కోర్టు వరండాలో చిందులేసేవాడు తానేం చేస్తాడో తానే ఊరందరికీ చాటుకుంటాడు, జాగ్రత్త పడొచ్చు. మా కోనసీమ వాళ్ళు తిట్టేటప్పుడు కూడా అండీ అంటారని బయటివాళ్ళు వేళాకోళం చేస్తారు. చెయ్యనివ్వండి, నిజమే. నేను అమలాపురం కోర్టులో నల్లకోటు వేసుకున్నన్నాళ్ళూ చూసిన జనంలోకల్లా మర్యాదస్తుడు ఒక లెక్కల మాస్టారు. ఇన్నేళ్ళయినా ఆయన్ని "వాడు" అనడానికి నాకు నోరు రాదు. ఆ విషయంలో నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అవి డెబ్బయ్యో దశకం చివరి రోజులు. నేను జూనియర్ని. ఆడ ప్లీడరంటే పని లేకపోయినా జనం వచ్చి చూసిపోయేవారు. మా సీనియరు గారు మంచి మనిషి, నస్యం పీల్చేవారు, ఎవరి మీదా గొంతు పెంచేవారు కాదు. రాజీలు చేయించడంలో ఆయనకి పెద్ద పేరు.

"వాజ్యం వేసే ముందు రెండు పక్షాల్నీ మన అరుగు మీద కూచోబెట్టి కాఫీ ఇప్పించాలమ్మాయ్. సగం తగాదాలు కాఫీలోనే కరిగిపోతాయి" అనేవారు.

పొలం గట్టు పేచీలకి, కొబ్బరిచెట్టు ఎవరి హద్దులో ఉందన్న గొడవలకి ఆ కాఫీ బాగానే పనిచేసేది. చిక్కంతా మొగుడూ పెళ్ళాల వ్యవహారంతోనే. దానికీ అదే కాఫీ పోసేవారు. ఆయన ఒక్కరినే అని లాభం లేదు, బార్‌లో అందరి పద్ధతీ అంతే. ఎదుటివాణ్ణి పిలిచి మాట్లాడకుండా కేసు పడేస్తే, అదేదో పెళ్ళి చేసి భోజనానికి పిలవనంత తప్పుగా చూసేవారు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమెని వాళ్ళన్నయ్య మా ఆఫీసుకి తీసుకొచ్చాడు. ఆయనది సఖినేటిపల్లి, హెల్త్ డిపార్ట్‌మెంటులో ఉద్యోగం, వాళ్ళ చర్చిలో సంఘపెద్ద. ఆమెకి ముప్పై ఏళ్ళుంటాయేమో. పిల్లల్లేరు. ముమ్మిడివరం అవతల ఒక ఊళ్ళో కాపురం. భర్త అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారు. మా ఆఫీసులో క్లయింటు కుర్చీ వీధి తలుపుకి వీపు పెట్టి ఉంటుంది. ఆమె అందులో కూర్చోలేదు. గోడవారగా, తలుపు కనిపించే చోట నిలబడింది.

"కూచోమ్మా, మొదట్నించీ చెప్పు" అన్నారు సీనియరు గారు.

ఆమె మొదట్నించి చెప్పలేదు. మధ్యలోంచి ఒక ముక్క చెప్పింది, చివర్నించి ఒక ముక్క చెప్పింది. ముందు కిటికీ అంది, తర్వాత చింతపండు అంది, ఎప్పుడో వేసవి సెలవులంది. సీనియరు గారు ఏ సంవత్సరం అంటే తెలీదంది. ఏ నెల అంటే తల వంచుకుంది. ఆయన కాగితం మీద ఏదో రాసి కొట్టేసి, మళ్ళీ రాసి కొట్టేసి, నాకేసి చూశారు. ఈ మనిషి చెప్పేది నిలబడదు అని ఆ చూపుకి అర్థం. ఆమె జబ్బ మీద పాత మచ్చలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. జూనియర్ని, నోరు మూసుకున్నాను.

ఆ తర్వాతి వారమే రాజీ కూర్చోబెట్టారు. మాస్టారు బస్సు దిగి గొడుగు మడిచి, చెప్పులు గుమ్మం బయట ఒద్దికగా విడిచి లోపలికి వచ్చారు. తెల్లటి పంచె, ఇస్త్రీ చొక్కా, చేతికి స్టీలు చైను వాచీ. వస్తూ ఒక గెల కొబ్బరి బొండాలు పట్టుకొచ్చారు. పెద్దవాళ్ళ ఇంటికి వట్టి చేతులతో ఎవరొస్తారు?

"మాదే తప్పండి" అన్నారు కూర్చోగానే. "పిల్లల పేపర్లు దిద్దీ దిద్దీ చికాకు పడతానండి. ఇంటావిడ మనసు కష్టపెట్టేను. ఇక మీదట అలా జరగదండి."

సీనియరు గారి మొహం విప్పారింది. తప్పు ఒప్పుకున్న మగవాళ్ళని ఆయన అప్పటికి చాలామందిని చూసి ఉండరు. లోపల్నించి బజ్జీలూ కాఫీలూ వచ్చాయి. మాస్టారు చెయ్యి కడుక్కోవడానికి లేచారు. లేచే ముందు జేబురుమాలు తీసి నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద ఆమెకి ఎదురుగా పరిచారు. వాచీ చైను కొక్కెం విప్పి, దాన్ని ఆ రుమాలు మీద పెట్టారు. కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. వాచీ మళ్ళీ పెట్టుకోలేదు.

ఎంత శుభ్రమైన మనిషి అనుకున్నాం అందరం.

అంతవరకూ గోడకి అతుక్కుని, రానంటే రానని తల అడ్డంగా తిప్పుతున్న ఆమె అప్పుడు తల ఎత్తింది. "వెళ్తానండి. మాస్టారితో వెళ్తాను" అంది. వాళ్ళన్నయ్య కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. సీనియరు గారు నస్యం డబ్బా మీద గట్టిగా ఒక దరువు వేశారు. నేను ఆమె మొహంలోకి చూశాను. అందులో ఇష్టం గానీ కోపం గానీ ఏదీ లేదు. జ్వరమొచ్చిన పిల్ల మందు కోసం నోరు తెరిచినట్టు ఉంది. వాళ్ళిద్దరూ వీధి చివరిదాకా వెళ్ళడం చూశాను. ఎండగా ఉందని ఆయన ఆమెకి గొడుగు పట్టారు.

ఆమె మళ్ళీ వచ్చేసరికి వానాకాలం అయిపోయింది. ఈసారి ఒక్కతే వచ్చింది. ఎడమవైపు నుంచి పిలిస్తే పలకడం లేదు. చెవి పోయింది. పెరట్లో జారిపడ్డానని ఆసుపత్రిలో చెప్పిందట. అన్నయ్య ఇంట్లో ఉంటోంది గానీ, వదినగారు అప్పుడే చుట్టాల ముందు నిట్టూర్చడం మొదలుపెట్టింది. "కోర్టులో నీ వైపు న్యాయముందని తేలితే ఉండు. లేదంటే నేనే దగ్గరుండి మాస్టారింట్లో దిగబెట్టి వస్తాను" అన్నాడట అన్నయ్య. రాజీ చెడగొట్టిన చెల్లెలు ఆయనకి సంఘంలో తలవంపులు.

ఇంట్లో కొడితే అది విడిగా ఒక నేరమని చెప్పే సెక్షను అప్పటికింకా పుట్టలేదు. విడాకులంటారా, క్రైస్తవుల చట్టంలో భర్త కొడతాడన్న ఒక్క కారణం చాలదు, దానికి తోడు ఆయన ఇంకో ఆడదానితో తిరుగుతున్నాడని కూడా రుజువు చెయ్యాలి. మాస్టారు బడీ చర్చీ ఇల్లూ తప్ప ఎరగని మనిషి. ఇక మిగిలింది మనోవర్తి కేసు. అందులోనూ ఒక మెలిక ఉంది. "నా దగ్గరికొచ్చి ఉంటే పోషిస్తాను" అని భర్త అంటే, వెళ్ళకపోవడానికి సరయిన కారణం ఉందని భార్య రుజువు చేసుకోవాలి. అంటే ఆమె బోనెక్కి నోరు తెరవాలి. సాక్షులెవరూ లేరు. తలుపు గెడ వేసిన ఇంట్లో జరిగినదానికి సాక్షులెక్కణ్ణించి వస్తారు?

మాస్టారు మేం అనుకున్నట్టే అన్నారు. "ఇవాళ పంపినా తీసుకెళ్తానండి. ఇల్లు ఇల్లులా లేదండి" అన్నారు మెజిస్ట్రేటు గారితో, చేతులు కట్టుకుని. బెంచి క్లర్కు ఆయన దగ్గరే లెక్కలు నేర్చుకున్నవాడు. బంట్రోతు కొడుకు ఆయన బళ్ళోనే చదువుతున్నాడు. ఆయన హాల్లోకి వస్తే సగం మంది లేచి నిలబడేవారు. ఆయన అందర్నీ చేత్తో వారించి, ఆఖరి బెంచీలో కూర్చునేవారు.

ఆమె బోనెక్కిన రోజు మాత్రం బోను ముందున్న చెక్క కటకటాల దగ్గరగా వచ్చి నిలబడ్డారు. ఉండొచ్చు, అది ఆయన హక్కు. ఆయన ముందరే సాక్ష్యం తియ్యాలని చట్టమే చెబుతుంది. సీనియరు గారు పేరు, ఊరు, పెళ్ళెప్పుడయింది అని అడుగుతూ వచ్చారు. ఆమె నెమ్మదిగానే అయినా జవాబులు చెబుతోంది. "మీ భర్త మిమ్మల్ని ఎప్పుడైనా కొట్టాడా?" అని అడిగారు. ఆమె నోరు తెరిచింది. మాస్టారు చేతి వాచీ తీసి, దానికి కీ ఇచ్చుకుంటూ, రుమాలు పరిచి కటకటా మీద పెట్టారు. ఎవరికీ పట్టలేదు. వాచీకి కీ ఇచ్చుకోనివాడెవడు?

"నాకేం జ్ఞాపకం లేదండి" అంది ఆమె.

సీనియరు గారు అదే ప్రశ్న తిప్పి తిప్పి అడిగారు. జ్ఞాపకం లేదండి, తెలీదండి, ఆయ్ అండి. మెజిస్ట్రేటు గారు విసుక్కుని కలం మూశారు. మేం బతిమాలి వాయిదా అడిగాం. మెట్లు దిగుతుంటే సీనియరు గారు, "అబద్ధమైనా ఆడాలి, నిజమైనా చెప్పాలి. ఈ పిల్ల రెండూ చెయ్యదు" అన్నారు. నాకు ఆయన మీద మొదటిసారి అసహ్యం లాంటిది కలిగింది. దాన్ని మింగేసి, వాళ్ళన్నయ్యతో చెప్పి, వాయిదా దాకా ఆమెని మా ఇంటికి తీసుకొచ్చాను. కేసు విషయాలు మాట్లాడుకోవాలి అన్నాను. నిజానికి ఏం మాట్లాడాలో నాకే తెలీదు.

మా ఇంట్లో మా అత్తగారికి మనుషులు ఊరికే కూర్చుంటే పడదు. పెరటి అరుగు మీద ఎప్పుడూ కొబ్బరి ఆకులు గుట్టగా పడి ఉండేవి. మధ్యాహ్నం పూట చాకు పెట్టి ఈనెలు చీరి, చీపుళ్ళు కట్టి, చుట్టాలందరికీ పంచేది. ఎవరొచ్చినా చేతికో చాకు ఇచ్చేది. నన్ను చూడ్డానికొచ్చిన మా కాలేజీ స్నేహితురాలికి కూడా ఇచ్చింది.

"ఏం పిల్లా, అలా గోడకి బల్లిలా అతుక్కుపోయేవు? ఈ నాలుగాకులూ చీరెయ్ కాస్త" అంది ఆమెతో.

ఆమె కూర్చుంది. గోడకి వీపు పెట్టి, పెరటి గుమ్మం కనబడేలా. చాకు ఆకు మీద జర్రున జారేది, ఈనె ఒక పక్కకి, ఆకు ఒక పక్కకి. ఆమెకి ఆ పని బాగా వచ్చు. నాకు రాదు. పక్కన కూర్చుని నేనూ మొదలుపెట్టాను, వేళ్ళు కోసుకున్నాను, మా అత్తగారు నవ్వింది. నేను ఏమీ అడగలేదు. అడిగితే ఆమె మూసుకుపోతుందని కోర్టులో చూశాను కదా.

ఒకటి రెండు రోజులు వంటల మాటలు, రేవు మాటలు, సఖినేటిపల్లిలో చిన్నప్పుడు గోదారి దాటించే పంటు మీద నర్సాపురం వెళ్ళి గాజులు వేయించుకున్న మాటలు అయ్యాయి. ఒక మధ్యాహ్నం చేతిలో పని ఆపకుండా, తల ఎత్తకుండా అంది.

"ముందు వాచీ తీస్తారండి."

నేను ఈనె చీరుతూనే ఉన్నాను.

"పగిలిపోద్దని. మంచి వాచీ అండి అది. జేబురుమాలు మడతెట్టి, కిటికీలో పెట్టి, దాని మీద పెడతారు. ఆ తర్వాత తలుపు గెడేస్తారు. ఏమీ అనరండి. కేకలుండవు. బయట పిల్లలు ట్యూషనుకొచ్చి కూచునుంటారు కదా, ఆళ్ళకి ఇనపడకూడదు."

మా అత్తగారి చాకు ఆగిపోయింది. ఆమె చాకు ఆగలేదు.

"అయిపోయేక చెయ్యి కడుక్కుని వాచీ పెట్టుకుంటారు. టైము చూసుకుని, 'కాఫీ పెట్టవే' అంటారు. అంతేనండి."

బజ్జీల పళ్ళెం పక్కన పరిచిన రుమాలు, కోర్టులో కటకటా మీద పెట్టిన వాచీ, రెండూ ఒక్కసారే నా కళ్ళ ముందుకొచ్చాయి. మా ఆఫీసులో, ఆ కోర్టు హాల్లో, మా అందరి ఎదుటా, మేం కాఫీలు తాగుతూ చూస్తుండగా ఆయన ఆమెని కొడుతూనే ఉన్నారన్నమాట. లేచి నూతి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. ఆ రోజు మొదలు ఆమె ఎన్నో ముక్కలు చెప్పింది. కిటికీ, చింతపండు, వేసవి సెలవులు, అన్నీ. వరస లేదు. వరస నేను పెట్టుకున్నాను.

వాయిదా ముందు సీనియరు గారి దగ్గరికెళ్ళి, ఈసారి సాక్ష్యం నేను తీస్తానన్నాను. విషయం చెప్పాను. ఆయన చాలాసేపు నస్యం డబ్బా మూత తెరుస్తూ మూస్తూ కూర్చున్నారు. "ఆయన్ని బయటికి పొమ్మని అడగడానికి లేదమ్మాయ్" అన్నారు చివరికి. అడగనన్నాను. "సరే, కానియ్" అన్నారు.

మేం అప్పట్లో మెజిస్ట్రేటు కోర్టుకి నల్లకోటు మీద గౌను వేసుకునేవాళ్ళం కాదు. ఆ రోజు పనిగట్టుకుని వేసుకున్నాను. ఆమె బోనెక్కగానే, సాక్షికి ఒక చెవి వినపడదు కాబట్టి దగ్గరగా నిలబడి అడగనివ్వమని కోరాను. మెజిస్ట్రేటు గారు సరేనన్నారు. వెళ్ళి బోనుకి ఆనుకుని, మాస్టారికీ ఆమెకీ సరిగ్గా మధ్యన నిలబడ్డాను. గౌను రెండు చేతులతో నడుం దగ్గర పట్టుకుంటే గుమ్మానికి తెర వేసినట్టయింది. అందుకు పనికొచ్చినంతగా ఆ గుడ్డ నాకు మరి దేనికీ పనికి రాలేదు.

పెళ్ళెప్పుడని అడగలేదు. పొద్దున్నే లేచి ఏం చేసేవారమ్మా అని అడిగాను. వాకిలి ఊడ్చేదాన్నండి అంది. వంటిల్లు ఎటువైపు, కిటికీ ఎటువైపు, ట్యూషను పిల్లలు ఎక్కడ కూర్చునేవారు, ఇలా ఇల్లంతా తిప్పుకుంటూ వచ్చాను. ఎదుటి ప్లీడరు లేచి, ఇదంతా దేనికండీ అన్నారు. మెజిస్ట్రేటు గారు కానివ్వమన్నారు. ఆమె గొంతు కాస్త పెరిగింది. నా వెనక కాళ్ళ చప్పుడయింది. మాస్టారు పక్కకి జరుగుతున్నారు. నేనూ జరిగాను. ఆయన ఆగిపోయారు. అప్పుడు చిన్న చప్పుడు. టక్ మని.

ఆమె మాట సగంలో తెగింది.

మళ్ళీ అదే అవుతుంది, జ్ఞాపకం లేదండి అంటుంది, అన్నయ్య దగ్గరుండి ముమ్మిడివరం బస్సెక్కిస్తాడు. వెనక్కి తిరగలేదు. తిరిగితే సందు దొరుకుతుంది. అరుగు మీద కూర్చున్నప్పటి గొంతుతోనే అడిగాను.

"ఏం వినబడిందమ్మా?"

"మాస్టారు వాచీ తీసేరండి."

ఆమెకి నేను తప్ప ఎవరూ కనబడరు. ఒక చెవి లేదు. హాల్లో ఫాను తిరుగుతోంది. మెజిస్ట్రేటు గారు కళ్ళజోడు పైకి తోసుకుని నా భుజం మీదుగా చూశారు.

"తీసి ఏం చేస్తారు?"

"రుమాలు మీద పెడతారండి."

మెజిస్ట్రేటు గారు అటే చూస్తున్నారు. బెంచి క్లర్కు కూడా తల తిప్పి చూశాడు, చూసి వెంటనే కాగితాల్లోకి వంగాడు.

"ఆ తర్వాత?"

"తలుపు గెడేస్తారండి" అంది. అక్కణ్ణించి ఇక నేను అడగనవసరం లేకపోయింది. ఏడవలేదు. ఈనెలు చీరేటప్పటి లాగే, తల వంచుకుని, చేతులు బోను చెక్క మీద అటూ ఇటూ కదుపుతూ చెప్పుకుంటూ పోయింది. మెజిస్ట్రేటు గారు రాసుకోవడం పూర్తి చేసి, "మాస్టారూ, వాచీ పెట్టుకోండి" అన్నారు.

"చిత్తమండి" అన్నారాయన.

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. ఆమె భర్త దగ్గరికి వెళ్ళనక్కర్లేదు, మనోవర్తి ఇవ్వాల్సిందే. సీనియరు గారు ఆ తర్వాత మొగుడూ పెళ్ళాల్ని ఒకే గదిలో కూర్చోబెట్టడం మానేశారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మాస్టారు తీర్పు చదువుతున్నంతసేపూ చేతులు కట్టుకుని విన్నారు. వరండాలో నా దగ్గరికొచ్చి నమస్కారం పెట్టారు.

"బాగా అడిగేరండి లాయరమ్మగారూ. మా బళ్ళో ఆడపిల్లలకి మీ గురించి చెబుతానండి."

నేనూ నమస్కారం పెట్టాను. చేతులు వాటంతటవే లేచాయి. ఆ రాత్రి అన్నం సహించలేదు.

అన్నయ్య మాట నిలబెట్టుకుని, ఉండమన్నాడు. వదినగారి నిట్టూర్పులు పెరిగాయి. ఆమె మా పెరటి గదికి వచ్చేసింది. మా అత్తగారే రమ్మంది. "నాకు తోడు, నువ్వెలాగూ పనికిరావు" అని నాతో అంది. సంగతి నాకూ, మా అత్తగారికీ, మా ఆయనకీ, వాళ్ళన్నయ్యకీ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. చుట్టుపక్కల వాళ్ళకి మా అత్తగారి వైపు చుట్టమని చెప్పాం. సఖినేటిపల్లిలో అడిగినవాళ్ళకి అన్నయ్య, ఊరెళ్ళిందని చెప్పేవాడు.

మనోవర్తి మాస్టారు మనియార్డరు చెయ్యొచ్చు. చెయ్యలేదు. నెలనెలా తనే వచ్చి కోర్టులో కట్టేవారు. ఆమె తీసుకోవడానికి వస్తుందని ఆయన లెక్క. లెక్కల మాస్టారు కదా. నేను ఆమె తరఫున సంతకం పెట్టి తీసుకునేటట్టు ఏర్పాటు చేసుకున్నాను. ఆయన కట్టేసి, నేను వచ్చేదాకా వరండాలో ఉండేవారు.

"ఆవిడ కులాసానా అండి?" అనేవారు, నా వెనకకి చూస్తూ.

"కులాసానేనండి."

"సంతోషమండి."

ఎండాకాలం వచ్చింది. పెరట్లో ఆమె నవ్వడం మొదలుపెట్టింది. మా అత్తగారి బూతు సామెతలకి మొదట బిత్తరపోయేది, తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది, ఆ తర్వాత అడ్డం పెట్టుకోవడం మానేసింది. ఒక రోజు చూస్తే గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది. నేను మా అత్తగారికి సైగ చేశాను. "ఆఁ, చూసేను, మాటాడకు" అని సైగ చేసింది. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి.

అదే వారంలో ఒక సాయంత్రం మా ఆయన ఆఫీసునుంచి వచ్చి కాళ్ళు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళారు. మా ఆయన బొద్దింకని కూడా కాగితంతో ఎత్తి బయట వదిలే రకం. కారణం చెప్పకుండా నేను అడిగినందుకు రోజూ ఆఫీసులోనే చేతి వాచీ తీసి జేబులో వేసుకుని వచ్చే మనిషి, ఆ వేళ మరిచిపోయి, నూతి గట్టు మీద తీసి పెట్టారు. టక్ మంది.

ఆమె చాకు కింద పెట్టింది. లేచింది. వెళ్ళి గోడ మూలకి నిలబడి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎదురుచూస్తోంది. మా ఆయన చెంబు పట్టుకుని అలా ఉండిపోయారు. తనేం చేశారో ఆయనకి తెలీదు. మా అత్తగారు కొడుకుని లోపలికి పొమ్మని కసిరి, ఆమె దగ్గరికి వెళ్ళి, ముట్టుకోకుండా పక్కన నిలబడింది. కాసేపటికి ఆమె కళ్ళు తెరిచింది.

"బాబుగారు ఆయన కాదని తెలుసండి" అంది నాతో. "నాకు తెలుసు. నా కాళ్ళకి తెలీదండి."

మరుసటి నెల కోర్టుకి వెళ్ళాను. కట్టాల్సింది కట్టి మాస్టారు వరండాలో ఉన్నారు. కులాసానా అండి అన్నారు. కులాసానే అన్నాను. రిజిస్టరులో సంతకం పెట్టి కలం మూస్తుంటే, ఈసారి ఆయన నా వెనకకి చూడ్డం లేదు, నా చేతికేసి చూస్తున్నారు. వేలి కొసల మీద సన్నటి గీతలు. గోళ్ళ సందుల్లో ఆకు పసరు.

"ఈనెలు చీరుతున్నారాండి లాయరమ్మగారూ?"

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తీసుకోకుండా ఉండాల్సింది.

"మా ఇంటావిడ ఆ పని బాగా చేసేదండి. చేత్తో ఒకటి చేస్తుంటే గానీ మాట వచ్చేది కాదు" అన్నారు, మెల్లగా, దయగా. వాచీ చూసుకున్నారు. "టైమైందండి. బడికెళ్ళాలి."

రిక్షా ఎక్కి ఇంటికి వచ్చిపడ్డాను. సందులు తిప్పించుకుని, వెనక్కి చూసుకుంటూ వచ్చాను. పెరటి గుమ్మంలో నా మొహం చూడగానే ఆమె చాకు కింద పెట్టి, అడగకుండానే గదిలోకెళ్ళి బట్టలు మూట కట్టుకుంది. మా అత్తగారు చెప్పులు వేసుకుంది. ఇద్దరూ సఖినేటిపల్లి బస్సెక్కారు. అన్నయ్య ఇంటి వైపు వెళ్ళవద్దని, తిన్నగా రేవుకే వెళ్ళమని చెప్పాను. చీకటి పడకముందే మా అత్తగారు ఒక్కతీ తిరిగి వచ్చింది.

"పంటెక్కించేరా?"

"నేనూ ఎక్కేను. అవతలి ఒడ్డున దింపి వచ్చేను."

"అక్కణ్ణించి ఏ బస్సెక్కిందండి?"

"చూళ్ళేదు" అంది. కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, సగం చీరిన ఆకు చేతిలోకి తీసుకుంది. "వెనక్కి తిరిగి కూచున్నాను. చూస్తే నీకు చెప్పాలి. నీకు చెబితే నీ మొహంలో కనబడుద్ది."

నాకు కోపమొచ్చింది. ఆ కోపంలోనే మా అత్తగారు అన్నది నిజమని కూడా తెలిసింది. ఆ తర్వాత మనోవర్తి మా అత్తగారి చేతికిచ్చేదాన్ని. ఎవరి చేత పంపించేదో అడగలేదు. నా దగ్గరికి వచ్చిన ఏ ఆడమనిషినీ, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నావని మళ్ళీ ఎన్నడూ అడగలేదు. కాగితాల్లో మా ఆఫీసు అడ్రసే రాసేదాన్ని. ఈ ప్లీడరమ్మకి తన క్లయింట్లు ఎక్కడున్నారో కూడా తెలీదని బార్‌లో నవ్వేవారు.

ఆ మరుసటి నెల మాస్టారు వరండాలో అదే చోట నిలబడి ఉన్నారు. చేతికి వాచీ, చంకలో గొడుగు.

"ఆవిడ కులాసానా అండి?"

"తెలీదండి" అన్నాను.

మా చిత్తమండీల్లో, సంతోషమండీల్లో ఆయనతో నేను పూర్తిగా నిజం చెప్పింది అదే మొదటిసారి. ఆయన చిరునవ్వుతోనే నా మొహంలోకి చూశారు. చూస్తూ నిలబడ్డారు. కళ్ళు, నోరు, మళ్ళీ కళ్ళు, పేపరు దిద్దేటప్పుడు తప్పు ఎక్కడుందా అని వెతికినట్టు వెతికారు. నేను అలాగే నిలబడి చూడనిచ్చాను. ఆ రోజు ఆయన బడికి ఆలస్యంగా వెళ్ళారని బెంచి క్లర్కు తర్వాత చెప్పాడు.